కాలర్డ్ గ్రీన్స్ తోలులా వస్తున్నాయి, పులుపు వేరే. తేడా ఎక్కడ?

కట్టెపొయ్యి:
అమెరికా దక్షిణాది పద్ధతిలో కాలర్డ్ గ్రీన్స్ (క్యాబేజీ జాతి ఆకుకూర). కొలతలు ఇవీ: ఆకు రెండు కట్టలు (తూస్తే 2 పౌండ్లు), స్మోక్డ్ హామ్ హాక్ ఒకటి, నీళ్లు 4 కప్పులు, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి 4 రెబ్బలు, యాపిల్ సైడర్ వెనిగర్ పావు కప్పు, ఉప్పు 2 టీస్పూన్లు. అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, మూతపెట్టి గంట. ఆకు చెప్పుతోలులా ఉంది, మాంసం ఎముకని వదల్లేదు, నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, పైగా ఉప్పుకషాయం. రంగు మిలిటరీ బట్టల రంగు. ఎక్కడ తేడా కొట్టింది? తినేవాళ్లలో ఇద్దరు శాకాహారులు ఉన్నారు, వాళ్లకీ ఒక దారి చెప్పండి.

మట్టికుండ:
ముఖ్యమైన తప్పు వెనిగర్. కందిపప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఏమవుతుంది? ఎంత మరిగినా బద్ద బద్దగానే ఉండిపోతుంది. ఇక్కడా అదే. ఆకులో కణాల్ని పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే సులువుగా కరగదు. కాలర్డ్ అసలే మందపాటి ఆకు, క్యాబేజీ జాతిదే, గడ్డ కట్టకుండా విప్పారిన క్యాబేజీ అనుకోండి. దాన్ని పావు కప్పు వెనిగర్‌లో మరిగిస్తే తోలు కాక ఏమవుతుంది.

రెండోది, హాక్‌నీ ఆకునీ ఒకేసారి వేయడం. హామ్ హాక్ అంటే పంది కాలి కీలు దగ్గరి ముక్క. అందులో కండ తక్కువ, చర్మం, నరాలు ఎక్కువ. అది కరిగి రసానికి చిక్కదనం ఇవ్వాలంటే ఒంటరిగా గంటన్నర నుంచి రెండు గంటలు కావాలి. మన పాయా ఎలా వండుతారో అలాగే. పెదాలు కొంచెం అతుక్కుంటున్నట్టు ఉంటే రసం తయారైనట్టు.

2 పౌండ్ల ఆకుకి ఈ లెక్క వాడండి. ముప్పావు నుంచి ఒక పౌండు బరువున్న స్మోక్డ్ హాక్, 8 కప్పుల నీళ్లు, నాలుగు ముక్కలు చేసిన ఉల్లిపాయ, చిదిపిన వెల్లుల్లి, అర టీస్పూను ఎండుమిరప పలుకులు. ఉప్పు వద్దు. ఒక పొంగు రానిచ్చి, మంట తగ్గించి, మూత వారగా పెట్టి గంటన్నర. బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి లేవాలి, తెర్లకూడదు. తెర్లితే కొవ్వు రసంలో కలిసిపోయి తెల్లగా, జిడ్డుగా అవుతుంది. ఫోర్కు గుచ్చితే ఇట్టే దిగాలి. అప్పటికి నీళ్లు 6 కప్పులకి దిగుతాయి. హాక్ తీసి పక్కన పెట్టి, ఇప్పుడు రసం రుచి చూడండి. ఉప్పు సంగతి ఇక్కడ తేలుతుంది. ఒక్కో హాక్ ఒక్కో ఉప్పు, అందుకే ముందు 2 టీస్పూన్లు అని రాసే కొలతల్ని నమ్మకూడదు.

ఆకు గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, ఒకటి వాలాక ఇంకొకటి. గిన్నె నిండా ఉన్నది పది నిమిషాల్లో పావు వంతుకి వస్తుంది. ఆ పది నిమిషాలూ మూత పెట్టకండి, క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే గంధకం వాసన పైకి పోవాలి. తర్వాత మూత వారగా పెట్టి 45 నిమిషాల నుంచి గంట. చివర్లో చక్కెర ఒక టీస్పూను, వెనిగర్ ఒక టేబుల్‌స్పూను, ఎముక నుంచి విడదీసిన మాంసం. ఆపేసి 15 నిమిషాలు కదపకండి.

రంగు గురించి బెంగ వద్దు. క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం పోయాక ఆకు ఆలివ్ రంగుకి వస్తుంది, ఈ వంటకం రంగే అది.

ఊరమిరప:
చిటికెడు వంటసోడా వేస్తే సరి. పావు టీస్పూను. 20 నిమిషాల్లో ఉడుకుతుంది, పచ్చగా కూడా ఉంటుంది.

మట్టికుండ:
పచ్చగా ఉంటుంది, నిజమే. కానీ సోడా పెక్టిన్‌ని మరీ తొందరగా విడగొడుతుంది. ఐదు నిమిషాలు అటూ ఇటూ అయితే ఆకు జారుడుగా, సబ్బు రుచితో వస్తుంది. థయామిన్ (విటమిన్ బి1) కూడా పోతుంది. దీర్ఘంగా ఉడికే ఆకులో రసం లోపలికి ఇంకే రుచి సోడా పెట్టిన 20 నిమిషాల్లో రాదు. పచ్చ రంగే కావాలంటే వేరే వంటకం చేసుకోవడం మేలు. బ్రెజిల్‌లో ఇదే రకం ఆకుని వెంట్రుకల్లా సన్నగా తరిగి, వెల్లుల్లి నూనెలో మూడు నాలుగు నిమిషాలు తిప్పి దించేస్తారు. కశ్మీరీల హాక్ కూడా దగ్గరి చుట్టమే (హామ్ హాక్‌తో కలపకండి, పేర్లు కలిశాయంతే). ఆవనూనె, ఇంగువ, ఎండుమిరప, మూత లేకుండా. రెండూ బాగుంటాయి, రెండూ దక్షిణాది గ్రీన్స్ కావు.

ఆవగింజ:
కడగడం గురించి ఎవరూ చెప్పలేదు. సగం గిన్నెలు పాడయ్యేది ఇక్కడే. కాలర్డ్ ఆకు మీద మైనం లాంటి పొర ఉంటుంది, ఇసుక ఈనెల పక్క ముడతల్లో దాక్కుంటుంది. కుళాయి కింద పట్టుకుంటే పోదు. సింకు నింపండి, గోరువెచ్చని నీళ్లయితే ఇసుక తొందరగా వదుల్తుంది. ఆకులు ముంచి, బాగా ఆడించి, ఐదు నిమిషాలు వదిలేయండి. ఇసుక అడుక్కి దిగుతుంది. ఇప్పుడు ఆకుల్ని చేత్తో పైకి ఎత్తి తీయాలి. చాలామంది ఆకులు ఉండగానే బిరడా లాగేస్తారు, అప్పుడు దిగిన ఇసుక మళ్లీ ఆకుల మీదే కూర్చుంటుంది. మూడు సార్లు. చివరిసారి సింకు అడుగున వేలితో రాసి చూడండి, గరుకు తగిలితే నాలుగో సారి.

కాడ తీయడం: ఆకుని మధ్య ఈనె మీద మడిచి, ఒక చేత్తో కాడ పట్టుకుని రెండో చేత్తో ఆకుని కిందినుంచి కొసదాకా దూయండి, గోంగూర దూసినట్టే. కొసన ఈనె సన్నగా ఉంటుంది, అక్కడ ఉంచేయొచ్చు. ఆరేడు ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టలా బిగించి, అంగుళం వెడల్పున అడ్డంగా తరగండి. అంతకంటే సన్నగా తరిగితే గంట ఉడికేసరికి పేస్టు. అరచేయంత ముక్కలు వదిలేస్తే నోట్లో సాగుతాయి.

కాడలు పారేయకండి. పలకరాల్లాంటి ముదురువి తప్ప మిగతావి పావంగుళం ముక్కలుగా తరిగి, ఆకుకి పది నిమిషాల ముందు రసంలో వేయండి.

సంచుల్లో వచ్చే తరిగిన గ్రీన్స్ గురించి: "కడిగినవి" అని రాసి ఉన్నా ఒకసారి ముంచాలి. వాటిలో కాడ ముక్కలు ఆకుతో కలిసిపోయి ఉంటాయి, అవి ఉడికేలోపు ఆకు అయిపోతుంది. పెద్దవి ఏరేయడానికి పట్టే సమయంలో కట్ట కొని తరుక్కోవచ్చు.

సన్నకారం:
మాంసం సంగతి. హాక్ దొరక్కపోతే, పంది తినకపోతే స్మోక్డ్ టర్కీ రెక్క లేదా మెడ. ఇప్పుడు దక్షిణాదిలో చాలా ఇళ్లలో టర్కీతోనే వండుతున్నారు. రెక్కకి గంట చాలు. కానీ టర్కీలో కొవ్వు తక్కువ, గ్రీన్స్‌కి కొవ్వు లేకపోతే చేదు పైకి తేలుతుంది. 2 పౌండ్ల ఆకుకి 2 టేబుల్‌స్పూన్ల నూనెలో ఉల్లిపాయ మగ్గించి మొదలుపెట్టండి.

బేకన్: 4 ముక్కలు సన్న మంట మీద కరిగించి, కరకరలాడేవి తీసి పక్కన పెట్టి, ఆ కొవ్వులో ఉల్లిపాయ. రుచి బాగుంటుంది, రసం మాత్రం పలుచన. ఎముక లేదు కాబట్టి నీళ్ల బదులు చికెన్ స్టాకు, ఉప్పు లేని రకం.

సాల్ట్ పోర్క్ (ఉప్పు పట్టించిన, కొవ్వెక్కువ పంది మాంసం) అయితే ముక్కలు కోసి పది నిమిషాలు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. కంట్రీ హామ్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ) ఎముకైతే రాత్రంతా నానబెట్టాలి. ఇంకోటి, కొట్లో హాక్‌లు రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. పాలిపోయి గులాబీ రంగులో ఉన్నది పచ్చిది, పొగ పెట్టింది కాదు. ఎర్రటి గోధుమ రంగులో, ప్యాకెట్ మీద స్మోక్డ్ అని ఉన్నదే తీసుకోండి. పచ్చిదాంతో ఎంత మరిగించినా పొగ వాసన రాదు.

కట్టెపొయ్యి:
ఏ ఆకు కొనాలో కూడా చెప్పండి. ఏనుగు చెవులంత ఉన్నవి కట్టలో వస్తున్నాయి.

ఆవగింజ:
సైజు చూసి భయపడకండి, విరిచి చూడండి. కాడ "టక్" మని విరిగితే తాజా, వంగితే వాడింది. కోసిన చివర ఎండి గోధుమ రంగుకి తిరిగితే పాతది. పసుపు మచ్చలున్న కట్ట వద్దు.

కాలం అన్నిటికంటే ముఖ్యం. మంచు తగిలిన కాలర్డ్ తియ్యగా ఉంటుంది. చలికి మొక్క తన పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, లోపలి నీరు గడ్డకట్టకుండా. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి కట్టలకి చక్కెర అవసరమే ఉండదు, జులై కట్టలకి ఒకటిన్నర టీస్పూను పట్టినా ఆశ్చర్యం లేదు.

విత్తనం కొని పెరట్లో వేసేవాళ్లకి: జార్జియా సదరన్ ఎండకి ఓర్చుకుంటుంది, వేట్స్ పొట్టిది, పూతకి తొందరపడదు. తూర్పు నార్త్ కరొలైనాలో క్యాబేజీ కాలర్డ్ అని లేత పసుపుపచ్చ ఆకు ఒకటుంది. అది దొరికితే పై సమయాలన్నీ పక్కన పెట్టండి, అరగంటలో వెన్నలా ఉంటుంది. ఆ వైపు ఎయ్డెన్ అనే ఊళ్లో ఏటా కాలర్డ్ పండగే చేస్తారు. సౌత్ కరొలైనా 2011లో దీన్ని రాష్ట్ర కూరగాయగానే ప్రకటించింది.

పోపుడబ్బా:
శాకాహారులకి. ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే, హాక్ తీసేసి మిగతాదంతా అలాగే ఉంచడం. హాక్ మూడు పనులు చేస్తుంది: పొగ వాసన, కొవ్వు, నాలుక మీద నిలబడే మాంసపు రుచి. మూడూ విడివిడిగా తెచ్చి పెట్టాలి.

నూనె 3 టేబుల్‌స్పూన్లు, తగ్గించొద్దు. పెద్ద ఉల్లిపాయలు రెండు, సన్నగా తరిగి, చిటికెడు ఉప్పుతో 20 నిమిషాలు, అంచులు గోధుమ రంగుకి వచ్చేదాకా. వెల్లుల్లి 6 రెబ్బలు. ఇప్పుడు మంట పూర్తిగా తగ్గించి స్మోక్డ్ పాప్రికా 2 టీస్పూన్లు, అర నిమిషం తిప్పి వెంటనే నీళ్లు. పోపులో కారం మాడితే ఏమవుతుందో ఇదీ అంతే, చేదెక్కి గిన్నెంతా పోతుంది. నీళ్లు 6 కప్పులు, ఎండు షీటాకే పుట్టగొడుగులు ఐదారు, సోయా సాస్ ఒక టేబుల్‌స్పూను. ఇది 30 నిమిషాలు మరిగితే రసం సిద్ధం, ఆ తర్వాత ఆకు మామూలుగానే.

లిక్విడ్ స్మోక్ (సీసాలో దొరికే పొగ వాసన ద్రవం) వేసేవాళ్లు 6 కప్పులకి పావు టీస్పూను దాటొద్దు. అర టీస్పూనుకే ఆసుపత్రి వాసన. నల్ల యాలకలకి పొగ వాసన ఉంటుంది కదా అని ఒకటి వేయాలనిపిస్తుంది. వద్దు, గ్రీన్స్ కాస్తా బిర్యానీ నీళ్లవుతాయి. నిప్పుకణిక మీద నెయ్యి పోసి మూత పెట్టే హైదరాబాదీ పద్ధతి పనిచేస్తుంది కానీ వాసన పైనే ఉంటుంది, రసంలోకి దిగదు. వడ్డించే ముందు ఐదు నిమిషాలు పెడితే చాలు.

చిక్కదనం మాత్రం హాక్‌లా రాదు. ఉడికిన బొబ్బర్లు అర కప్పు మెదిపి కలిపితే కొంత దగ్గరికొస్తుంది.

గరిటె:
ప్రెషర్ కుక్కర్‌లో? గంటన్నర, గంట అంటే వారం మధ్యలో ఎవరు చేస్తారండీ.

సన్నకారం:
చేయొచ్చు, రెండు విడతల్లో. ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) నీళ్లు ఆవిరైపోవు కాబట్టి 8 కప్పులు కాదు, 4 కప్పులే. హాక్ ఒక్కటే హై ప్రెషర్ మీద 40 నిమిషాలు, ప్రెషర్ దానంతటదే దిగనివ్వండి. మూత తీసి, సాటే మోడ్‌లో ఆకు గుప్పెడు గుప్పెడుగా వాల్చి, మళ్లీ హై ప్రెషర్ 12 నిమిషాలు. ముదురాకు అయితే 15. వాలకముందే నొక్కి కుక్కితే ఆకు ముక్క వాల్వ్‌లోకి పోతుంది. మూడింట రెండు వంతులు దాటొద్దు, విజిల్ కుక్కర్‌లో అయితే సగమే.

లోపం ఒకటుంది. మూసిన గిన్నెలో గంధకం వాసనకి దారి లేదు. మూత తీశాక ఐదు నిమిషాలు తెరిచి మరిగించండి, తర్వాతే వెనిగర్.

మట్టికుండ:
ఒక సంగతి చేరుస్తాను. ఈ వంటకంలో ఆకు సగమే, మిగతా సగం రసం. దాన్ని పాట్ లిక్కర్ అంటారు. పేరులో లిక్కర్ ఉంది కానీ మందు కాదు, ఆకు మరిగిన నీళ్లు. ఆకుని రసంలో నిదానంగా వండి, ఆ రసాన్ని రొట్టెతో అద్దుకు తినే పద్ధతి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆకు యూరప్‌ది, వంట వాళ్లది. దాన్ని వంపేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పప్పు ఉంచుకుని చారు పారబోసినట్టు.

దీనికి తోడు కార్న్‌బ్రెడ్, అంటే ఓవెన్‌లో కాల్చే మొక్కజొన్న రొట్టె. ముంచుకు తినాలా, నలిపి వేసుకోవాలా అని 1931లో లూసియానా గవర్నర్ హ్యూయీ లాంగ్‌కీ అట్లాంటా కాన్‌స్టిట్యూషన్ పత్రికకీ పెద్ద వాదనే నడిచింది. ఆయన ముంచమన్నాడు, పత్రిక నలపమంది. నా ఓటు నలపడానికే. గిన్నెలో రసం పోసి, వేడి రొట్టె చిదిపి వేసి, ఒక్క నిమిషం ఆగితే చాలు. జొన్నరొట్టె ముక్కలు పాలల్లో వేసుకున్న చేతులకి ఇది నేర్పక్కర్లేదు.

గరిటె:
కార్న్‌బ్రెడ్ కొలతలు కూడా పెట్టండి మరి.

మట్టికుండ:
మొక్కజొన్న పిండి (కార్న్‌మీల్ అని దొరికేది) 2 కప్పులు, ఉప్పు ఒక టీస్పూను, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, సోడా అర టీస్పూను, బటర్‌మిల్క్ ఒకటిన్నర కప్పు (పిండి బరకగా ఉంటే ఇంకో పావు), గుడ్లు రెండు, కొవ్వు పావు కప్పు. చక్కెర లేదు, గోధుమ పిండి లేదు. 10 అంగుళాల ఇనప స్కిల్లెట్‌ని కొవ్వుతో సహా 450 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో పది నిమిషాలు కాల్చండి. కాగిన కొవ్వులో చాలావరకు పిండిలోకి వంపి గబగబా కలిపి, మళ్లీ అదే స్కిల్లెట్‌లో పోయండి. "చుర్ర్" మని వినపడాలి. వినపడకపోతే అడుగు అంటుకుంటుంది, గుంతపొంగనాల పెనం కాగకముందే పిండి పోసినట్టే. 20 నుంచి 25 నిమిషాలు. మన షాపుల్లో దొరికే సన్నటి మొక్కజొన్న పిండి, అంటే రొట్టెలకి వాడేది, దీనికి పనికిరాదు, ముద్దయిపోతుంది. కార్న్‌స్టార్చ్ అసలే కాదు.

ఆవగింజ:
పాడైనదాన్ని బాగుచేయడం గురించి నాలుగు ముక్కలు.

ఉప్పెక్కితే బంగాళదుంప వేయమంటారు. దుంప తను పీల్చుకున్న నీళ్లలో ఉన్నంత ఉప్పే తీసుకుంటుంది, మిగిలిన రసం ఉప్పదనం అలాగే ఉంటుంది. రసం సగం తీసి (పారబోయకండి, గడ్డకట్టించి దాచండి), వేడినీళ్లు పోసి, ఇంకో అర కట్ట ఆకు వేయడమే మార్గం.

చేదైతే ముందు ఉప్పు సరిపోయిందో లేదో చూడండి. ఉప్పు చాలకపోయినా చేదు పైకి తెలుస్తుంది. తర్వాత కొవ్వు, ఆఖరున చక్కెర. మొదటే చక్కెర పట్టుకుంటే పాయసం వైపు పోతుంది.

కట్టెపొయ్యి గారూ, మీ మొదటి గిన్నె ఇంకా ఉంటే పారేయొద్దు. పుల్లటి రసమంతా వంపి, కొత్త వేడినీళ్లు 4 కప్పులు, నూనె ఒక టేబుల్‌స్పూను వేసి ఇంకో 40 నిమిషాలు ఉడికించండి. పూర్తిగా బాగుపడదు, తినేలా అవుతుంది.

సన్నకారం:
ఆవాల ఆకు, టర్నిప్ ఆకు కలిపి వండేవాళ్లకి: కాలర్డ్ ముందు, అది సగం ఉడికాక టర్నిప్, చివరి 20 నిమిషాలకి ఆవాకు. ఒకేసారి వేస్తే ఆవాకు కనపడకుండా పోతుంది.

పోపుడబ్బా:
దాచడం: రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి, వెడల్పాటి గిన్నెల్లో పోసి. లోతైన గిన్నెలో మధ్య భాగం చల్లబడడానికి చాలాసేపు పడుతుంది. మూడు నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజు ఇంకా బాగుంటుంది. పచ్చి ఆకు ఫ్రీజర్‌లో పెట్టాలంటే మరిగే నీళ్లలో 3 నిమిషాలు ముంచి, ఐసు నీళ్లలోకి తీసి, గట్టిగా పిండి.

ఇంట్లో ఎవరైనా వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వేసుకుంటుంటే గుర్తుంచుకోండి, ఈ ఆకులో విటమిన్ కె చాలా ఎక్కువ. ఒక్కసారిగా మొదలుపెట్టడం, ఒక్కసారిగా మానేయడం రెండూ మందు లెక్క మారుస్తాయి. ముందు డాక్టరుకి చెప్పాలి.

కట్టెపొయ్యి:
అందరికీ థాంక్స్. జనవరి 1కి 20 మందికి చేయాలి, గ్రీన్స్‌తో పాటు బొబ్బర్లు కూడా. అన్నీ పది రెట్లు చేస్తే చాలా?

మట్టికుండ:
పది రెట్లు ఎందుకండీ, 2 పౌండ్లు ఆరుగురికి వస్తుంది. 20 మందికి 7 పౌండ్లు. కొత్త ఏడాది కలిసిరావాలని తినే ఆ రోజు భోజనంలో గ్రీన్స్ అంటే నోట్లు, బొబ్బర్లు అంటే చిల్లర, కార్న్‌బ్రెడ్ అంటే బంగారం అని లెక్క, కాబట్టి కొసరు అడుగుతారు, 8 చేయండి. హాక్‌లు నాలుగు. నీళ్లు మాత్రం నాలుగు రెట్లు పోయకండి. పెద్ద గిన్నెలో ఆవిరి తక్కువ, ఆకు విడిచే నీళ్లు ఎక్కువ. 5 క్వార్టులు (20 కప్పులు) చాలు. రసం 31న మరిగించి చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే కొవ్వు పైన గడ్డకడుతుంది, అందులోంచి కార్న్‌బ్రెడ్‌కి పావు కప్పు తీసుకోండి, మిగతాది రసంలోనే ఉండనివ్వండి. గిన్నె ఒక్కటే అయితే కింది ఆకు ఉడికి పైది పచ్చిగా ఉంటుంది. రెండు గిన్నెలు పెట్టండి.

వెనిగర్ కూడా 8 పౌండ్లకి 3 టేబుల్‌స్పూన్లే, మిగతా పులుపు ఎవరికి వాళ్లు వేసుకుంటారు. మూతి సన్నని చిన్న సీసాలో సన్న పచ్చిమిర్చి నిలువునా కుక్కి (ఒక్కో కాయకి సూదితో రెండు చోట్ల గుచ్చి), వేడి వెనిగర్ మునిగేదాకా పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు వారాలు పడుతుంది, అంటే డిసెంబరు 17కి మొదలుపెట్టాలి.